చవక లెన్సు వెనక: ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల చరిత్ర

ఫిల్మ్ కెమెరాల మీద మోజు మళ్ళీ మొదలయ్యాక, పాత రేంజ్‌ఫైండర్ ఒకటి సంపాదించినవాళ్ళు కొన్ని నెలల్లోనే ఒక ప్రశ్న దగ్గరికి వస్తారు. కెమెరాతో వచ్చిన 50 మి.మీ. లెన్సు ఎలాగూ ఉంది. దానికి తోడుగా ఇంకాస్త వెడల్పుగా చూపించే లెన్సు ఒకటి కావాలి, కానీ ఆస్తులు అమ్ముకునే పని ఉండకూడదు. ఏది కొనాలి?

జవాబుగా వినపడే పేర్లు దాదాపు ఎప్పుడూ అవే. సోవియట్ జూపిటర్-12, జపాన్ కెనన్ 35, లైట్జ్ వాళ్ళ పాత సుమరాన్, కొంచెం కొత్తదైతే ఫోక్ట్‌లాండర్ కలర్-స్కోపార్. ఒక్కోదాని మంచిచెడ్డలు, పదును, రంగులు, బరువు గురించి గంటలకొద్దీ మాట్లాడేవాళ్ళున్నారు. వీటిలో కొన్ని ఎందుకు చవక, ఇంకొన్ని ఎందుకు కావు అని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. నాణ్యతే కారణమైతే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఈ జాబితాని కొంచెం గీకి చూస్తే కింద ఒక ఓడిపోయిన దేశం, పట్టాలెక్కి తూర్పుకి వెళ్ళిన యంత్రాలు, ఒక ఆక్రమిత రాజధాని, చిన్న కంపెనీ యజమాని ఒకాయన మొండితనం కనిపిస్తాయి. లెన్సు ధరకీ చరిత్ర ఉంటుంది. ఈ వ్యాసం దాని గురించే.

ముందు 35 అంటే ఏమిటో చూద్దాం. 24×36 మి.మీ. ఫిల్మ్ చట్రం మీద 50 మి.మీ. లెన్సు మూల నుంచి మూలకి సుమారు 47 డిగ్రీల మేర చూపిస్తుంది. 35 మి.మీ. లెన్సు 63 డిగ్రీలు. 28కి వెళ్తే 75. చిన్న గదిలో మనిషినీ, ఆ మనిషి కూర్చున్న కుర్చీనీ, వెనక గోడ మీది క్యాలెండర్నీ ఒకే ఫొటోలోకి తేవాలంటే 50తో గోడకి ఆనుకుపోవాల్సి వస్తుంది. 28తో అన్నీ వస్తాయిగానీ అంచుల్లో ఉన్నవాళ్ళు సాగిపోతారు, ఎదుటి మనిషి చిన్నదైపోతాడు. 35 ఈ రెంటికీ మధ్య. అందుకే దాన్ని మోస్తరు వైడ్ యాంగిల్ అంటారు.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఎఫ్/8 దగ్గర 35 లెన్సుని 5 మీటర్ల దూరానికి పెట్టి వదిలేస్తే, సుమారు రెండున్నర మీటర్ల నుంచి దాదాపు కనుచూపుమేర దాకా అంతా తేటగా వస్తుంది. వీధిలో నడుస్తూ ఫొటోలు తీసేవాళ్ళకి ఇది వరం. ఫోకస్ తిప్పుతూ కూర్చోనక్కర్లేదు, జరుగుతున్నది చూస్తే చాలు.

ఇక రేంజ్‌ఫైండర్ సంగతి. ఈ కెమెరాలో మనం లెన్సు గుండా చూడం. పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. రెండు బొమ్మలు ఒకదానిమీదొకటి కలిసినప్పుడు ఫోకస్ కుదిరినట్టు. లెన్సుకీ ఫిల్మ్‌కీ మధ్య అద్దం ఉండదు కాబట్టి, లెన్సు వెనకభాగం ఫిల్మ్ దగ్గరికంటా వెళ్ళొచ్చు. ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో ఆ చోటుని పైకీ కిందకీ ఊగే అద్దం ఆక్రమిస్తుంది. అందుచేత అక్కడ వైడ్ లెన్సుని తలకిందుల టెలిఫొటోలా, పెద్ద ముందు గాజుతో తయారు చెయ్యాల్సి వచ్చింది. ఫ్రాన్సులో పియెర్ ఆంజెన్యూ 1950లో తెచ్చిన 35 మి.మీ. రెట్రోఫోకస్ ఆ దారిలో మొదటి మైలురాళ్ళలో ఒకటి. రేంజ్‌ఫైండర్‌కి ఆ తిప్పలు లేవు. అందుకే ఈ కెమెరాలకి తయారైన 35 లెన్సులు అరచేతిలో ఇమిడేంత చిన్నవి.

కథ వెట్‌స్లార్‌లో మొదలవుతుంది. లైట్జ్ కంపెనీలో ఆస్కార్ బార్నాక్ తయారు చేసిన లైకా 1925లో లైప్‌జిగ్ వసంత సంతలో జనం ముందుకొచ్చింది. అప్పటికి దాని లెన్సు ఊడదీసే వీలు లేదు. 1930లో మరచుట్టుతో లెన్సులు మార్చుకునే ఏర్పాటు వచ్చింది, దాంతోపాటే 35 మి.మీ. ఎల్మార్ ఎఫ్/3.5 వచ్చింది. నాలుగు గాజుముక్కల బుల్లి లెన్సు. 39 మి.మీ. వ్యాసం ఉన్న ఆ మరచుట్టే తర్వాత ప్రపంచమంతా వాడే కొలత అయ్యింది. ఈ రోజు రష్యన్ లెన్సు జపాన్ కెమెరాకి పడుతోందంటే ఆ చుట్టు పుణ్యమే.

పోటీదారు జైస్ ఐకాన్ 1932లో కాంటాక్స్ కెమెరా తెచ్చింది. వాళ్ళ దగ్గర లుడ్విగ్ బెర్టెలె అనే లెన్సుల రూపకర్త ఉండేవాడు. కంప్యూటర్లు లేని కాలం. ఒక్కో కాంతికిరణం ఒక్కో గాజు ఉపరితలం దగ్గర ఎంత వంగుతుందో లాగరిథమ్ పట్టికలు ముందేసుకుని లెక్కగట్టాలి. వంపు ఒక్కటి మార్చితే లెక్కంతా మళ్ళీ మొదటికొస్తుంది. ప్రోగ్రాములు రాసి బతికే నాలాంటివాళ్ళకి ఇది తల్చుకుంటేనే చెమటలు పడతాయి. ఆ పద్ధతిలోనే ఆయన సోనార్ చేశాడు, దానినుంచే 1930ల మధ్యలో 35 మి.మీ. బయోగాన్ ఎఫ్/2.8 రాబట్టాడు. నాలుగు గుంపుల్లో ఆరు గాజులు. వెనక గాజు గుడ్డులా ఉబ్బి, కెమెరా కడుపులోకి, షట్టర్ దాకా చొచ్చుకుపోతుంది. అద్దం లేకపోవడం అనే సౌకర్యాన్ని అంత పూర్తిగా వాడుకున్న లెన్సు అంతకుముందు లేదు. అప్పటి ఫిల్ములు చాలా మందకొడివి. ఎఫ్/3.5 నుంచి ఎఫ్/2.8కి రావడమంటే, మసక వెలుతురులో ఫొటో దక్కడానికీ దక్కకపోవడానికీ ఉన్న తేడా.

బయోగాన్ అప్పట్లో చవకది కాదు. అది చవక అవడానికి ఒక ప్రపంచయుద్ధం కావాల్సి వచ్చింది.

జైస్ లెన్సులు తయారయ్యేది యేనా నగరంలో. 1945 ఏప్రిల్‌లో అమెరికన్ సైన్యం ముందుగా అక్కడికి చేరింది. అయితే ఒప్పందం ప్రకారం ఆ ప్రాంతం సోవియట్ వాటా. వెళ్ళిపోయేముందు అమెరికన్లు జైస్ పెద్దల్నీ, ముఖ్యమైన శాస్త్రవేత్తల్నీ తమతో పశ్చిమానికి తీసుకుపోయారు. వాళ్ళతోనే తర్వాత ఓబర్‌కోఖెన్‌లో పడమటి జైస్ మొదలైంది. జులైలో సోవియట్ సైన్యం యేనాకి వచ్చింది. మనుషులు కొందరు పోయినా కర్మాగారం ఉంది. యుద్ధనష్టపరిహారం కింద యంత్రాల్లో అధికభాగాన్ని ఊడదీసి రైళ్ళకెక్కించారు. కాంటాక్స్ తయారుచేసే సరంజామా కీవ్‌లోని ఆర్సెనల్ కర్మాగారానికి చేరింది. అదే కాంటాక్స్ 1940ల చివర్లో కీవ్ అనే పేరుతో మళ్ళీ పుట్టింది.

యంత్రాలతో ఆగలేదు. 1946 అక్టోబర్ 22 తెల్లవారుజామున, జర్మనీలోని సోవియట్ ప్రాంతమంతటా ఒకేసారి తలుపులు తట్టారు. రెండు వేలకు పైగా నిపుణుల్ని కుటుంబాలతో సహా రైళ్ళెక్కించి సోవియట్ యూనియన్‌కి తరలించారు. రాకెట్లు, విమానాల వాళ్ళతోపాటు యేనా జైస్ వాళ్ళు కూడా అందులో ఉన్నారు. వస్తారా అని ఎవర్నీ అడగలేదు. చాలామంది కొన్నేళ్ళకి తిరిగొచ్చారు. కానీ వాళ్ళు తిరిగొచ్చిన యేనా వాళ్ళు వదిలివెళ్ళిన యేనా కాదు. అక్కడి జైస్ అప్పటికే ప్రభుత్వపరం. ఒకే పేరుతో తూర్పున ఒక కంపెనీ, పడమర ఒక కంపెనీ. ఆ పేరు ఎవరిదని కోర్టుల్లో వాళ్ళ తగువు దశాబ్దాల పాటు నడిచింది.

బయోగాన్ మాస్కో దగ్గరి క్రాస్నొగోర్స్క్‌లో బీకే-35 అయ్యింది. బీ అంటే బయోగాన్, కే అంటే క్రాస్నొగోర్స్క్. అంటే మొదట్లో ఆ మూలాన్ని దాచే ప్రయత్నమేమీ జరగలేదన్నమాట. తర్వాత అదే జూపిటర్-12గా మారింది. కీవ్ కెమెరాకి ఒక రకం, లైకా మరచుట్టుకి ఇంకో రకం. తర్వాత్తర్వాత కీవ్‌లోనూ, లిత్కరీనోలోనూ దశాబ్దాల పాటు చేశారు. అవి లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టే ఇప్పటికీ చవక.

దీన్ని నకలు అని కొట్టిపారేయడం అలవాటు. ఆ మాట సగమే నిజం. లెన్సు రూపకల్పన అంటే గీతలు మాత్రమే కాదు, గాజు కూడా. ఫలానా గాజు కాంతిని ఎంత వంచుతుంది, రంగుల్ని ఎంత విడదీస్తుంది అనేదాని మీదే ప్రతి వంపూ ఆధారపడి ఉంటుంది. జర్మన్ గాజు శాశ్వతంగా దొరకదు. సోవియట్ గాజుకి తగ్గట్టు వాళ్ళు తెచ్చుకున్న జైస్ లెన్సుల లెక్కలు మళ్ళీ కట్టాల్సి వచ్చింది. ఒక యంత్రం కోసం రాసిన ప్రోగ్రాముని దానికి పూర్తిగా వేరైన యంత్రం మీద నడిచేలా తిరగరాయడం లాంటిది ఇది. ఆ పని చేసినవాళ్ళని ఎవరూ నకలుగాళ్ళు అనరు. అయితే ఆ తిరగరాతకి మూలప్రతి ఎలా చేతికొచ్చిందన్న ప్రశ్న అలాగే ఉంటుంది. రెండూ ఒకేసారి నిజం. జూపిటర్-12 మంచి ఇంజనీరింగూ అవును, యుద్ధంలో పట్టుకొచ్చిన సొమ్మూ అవును.

నకలు అనే మాట జపాన్ మీద కూడా చాలాకాలం పడింది. ఓడిన జర్మనీ పేటెంట్లకి గెలిచిన దేశాల్లో రక్షణ పోయాక, లైకా మరచుట్టు అందరిదీ అయిపోయింది. కెనన్, నిప్పన్ కోగాకు లాంటి కంపెనీలు ఆ చుట్టుకి లెన్సులు చేశాయి. యుద్ధకాలంలో సైన్యం కోసం బైనాక్యులర్లూ దూరమాపకాలూ తయారుచేసిన కంపెనీకి యుద్ధం అయిపోగానే గిరాకీ పోతుంది. ఆక్రమణలో ఉన్న దేశంలో జేబులో డాలర్లున్నది అమెరికన్ సైనికులకే. వాళ్ళకి కెమెరాలు అమ్మాలి. ఆ రోజుల్లో వచ్చిన సరుకు మీద ఆక్రమిత జపాన్‌లో తయారైనది అనే ముద్ర ఉండేది. తన సొంత సరుకు మీద అలా రాసుకోవాల్సి రావడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

1950లో లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో ఉన్నప్పుడు, మికి జున్ అనే జపాన్ ఫొటోగ్రాఫర్ నిక్కోర్ లెన్సుతో తీసిన ఫొటో చూశాడు. నమ్మలేక కర్మాగారానికి వెళ్ళి చూసొచ్చాడు. తన లైకాలకి నిక్కోర్ లెన్సులు తగిలించుకున్నాడు. ఆ జూన్‌లోనే కొరియా యుద్ధం మొదలైంది. ఆ లెన్సులతో తీసిన యుద్ధచిత్రాలు లైఫ్‌లో అచ్చయ్యాయి. ఆ ఏడాది చివరికల్లా జపాన్ లెన్సుల గురించి అమెరికా పత్రికలు రాయడం మొదలుపెట్టాయి. ఒక యుద్ధం జర్మన్ లెన్సుని మాస్కోకి చేర్చింది, ఇంకో యుద్ధం జపాన్ లెన్సుని న్యూయార్క్‌కి చేర్చింది.

కెనన్ 35లు ఆ ఉత్సాహంలో వచ్చినవే. 1950ల్లో ఎఫ్/2.8, తర్వాత ఎఫ్/1.8, ఎఫ్/1.5, 1960ల మొదట్లో ఎఫ్/2. అన్నీ లైకా మరచుట్టువే. అన్నీ చిన్నవి, గట్టివి. మన మధ్యతరగతి కొనుగోలుదారుకి ఎఫ్/2.8 ఇప్పటికీ న్యాయమైన బేరం.

ఇంతకీ లైకా ఏం చేస్తోంది? 1954లో ఎమ్3 తెచ్చింది. దాని వ్యూఫైండర్‌లో 50, 90, 135 లెన్సులకి గీతలున్నాయి, 35కి లేవు. అద్భుతమైన కెమెరాయేగానీ, 35 వాడేవాళ్ళు పైన వేరే ఫైండర్ తగిలించుకోవాలి, లేదా కళ్ళజోడు పెట్టినట్టుండే ప్రత్యేకమైన లెన్సు కొనాలి. 1958లో ఎమ్2 వచ్చింది. ఎమ్3 కన్నా తక్కువ ధరకి అమ్మిన కెమెరా. ఫిల్ము లెక్కించే చక్రాన్ని కూడా చేత్తో సున్నాకి తిప్పుకోవాలి, అంత పొదుపు. కానీ దాని కిటికీలో 35 గీత ఉంది. చవక కెమెరాకి పెట్టిన ఆ గీతే తర్వాత వచ్చిన ఎమ్4లో, ఆపైన దాదాపు ప్రతి ఎమ్‌లో చోటు సంపాదించుకుంది. వీధి ఫొటోగ్రఫీకి 35 అన్న అలవాటు బలపడటంలో ఎమ్2కి పెద్ద పాత్ర ఉందని నా అభిప్రాయం. అదే ఏడాది 35 మి.మీ. సుమిక్రాన్ ఎఫ్/2 వచ్చింది, సుమరాన్ కూడా ఎఫ్/3.5 నుంచి ఎఫ్/2.8కి పెరిగింది. ఎనిమిది గాజుల ఆ మొదటి సుమిక్రాన్ ఇప్పుడు ఫొటోలు తీసేవాళ్ళ చేతుల్లో కన్నా దాచుకునేవాళ్ళ బీరువాల్లో ఎక్కువగా ఉంటుంది. ధర పెరిగేకొద్దీ లెన్సు బయటికి రావడం తగ్గిపోతుంది.

1959లో నికాన్ ఎఫ్ వచ్చింది. లెన్సు ఏం చూస్తే కన్ను అదే చూసే ఎస్‌ఎల్‌ఆర్ ముందు రేంజ్‌ఫైండర్ నిలవలేకపోయింది. కెనన్, నికాన్ ఆ దారి వదిలేశాయి. చివరికి లైకా ఒక్కటే పైన, సోవియట్ కర్మాగారాలు కింద. మధ్యలో ఖాళీ. కొత్త 35 కొనాలంటే లైకా ధర పెట్టాలి, లేదంటే పాతసామాను దుకాణాల్లో వెతుక్కోవాలి.

ఆ ఖాళీని నింపింది జపాన్‌లోని నాగనోకి చెందిన కొసీనా. అప్పటిదాకా అది ఎక్కువగా తన పేరు కనపడనివ్వకుండా ఇతరులకి కెమెరాలు చేసిపెట్టిన కంపెనీ. నికాన్ ఎఫ్ఎమ్10 చేసింది వాళ్ళే, ఒలింపస్ ఓఎమ్-2000 చేసింది వాళ్ళే. యజమాని కొబయాషి హిరొఫుమికి రేంజ్‌ఫైండర్లంటే ఇష్టం. లోకమంతా డిజిటల్ వైపు పరిగెడుతున్న 1999లో, 1756 నాటి వియన్నా కంపెనీ ఫోక్ట్‌లాండర్ పేరు వాడుకునే హక్కు తీసుకుని బెస్సా-ఎల్ అనే కెమెరా విడుదల చేశాడు. దానికి వ్యూఫైండరే లేదు! తమ ఎస్‌ఎల్‌ఆర్ చట్రాన్నే సవరించి చేసిన పెట్టె అది, 15, 25 మి.మీ. లెన్సుల కోసం. పెట్టుబడి తక్కువ పెట్టి, గిరాకీ ఉందో లేదో తేల్చుకునే పద్ధతి. గిరాకీ ఉంది. మరుసటి ఏడాదే రేంజ్‌ఫైండర్ ఉన్న బెస్సా-ఆర్ వచ్చింది. 35 మి.మీ.లో ఆల్ట్రాన్ ఎఫ్/1.7, కలర్-స్కోపార్ ఎఫ్/2.5 వచ్చాయి. చాలా ఏళ్ళ తర్వాత మామూలు ఉద్యోగి జీతానికి అందేలా, గ్యారంటీ కాగితంతో సహా, కొత్త మరచుట్టు లెన్సు దొరికింది.

అన్నిటికన్నా నాకు నచ్చిన మలుపు దీని తర్వాతది. పడమటి జైస్ మళ్ళీ రేంజ్‌ఫైండర్ లెన్సులు చెయ్యాలనుకున్నప్పుడు వాటిలో ఎక్కువభాగం తయారుచేసే పని కొసీనాకే ఇచ్చింది. అందులో ఒకటి సీ-బయోగాన్ 35 మి.మీ. ఎఫ్/2.8. పేరు అదే, కొలత అదే. లోపలి నిర్మాణం వేరు, పుట్టిన చోటు జపాన్. ఒకప్పుడు జర్మన్‌ని నకలు చేస్తున్నారని ఏ దేశాన్ని ఎగతాళి చేశారో, తర్వాత జర్మన్ పేరున్న అసలు లెన్సు అక్కడే తయారైంది. అసలు, నకలు అన్న మాటలకి లెన్సుల ప్రపంచంలో ఎంత విలువుందో దీన్నిబట్టి చెప్పొచ్చు.

ఇక మొదటి ప్రశ్నకి వద్దాం. ఏది కొనాలి?

ముందు కెమెరా ఏదో చూసుకోండి. ఫెడ్, జోర్కి, కీవ్, పాత లైకాల కిటికీలు 50కి సరిపడేవి. 35 పెడితే పైన వేరే ఫైండర్ కావాలి, దాని ఖరీదూ లెక్కలో వేసుకోవాలి. కెనన్-పీ, బెస్సా-ఆర్, లైకా ఎమ్2లలో 35 గీత ఉంటుంది. మరచుట్టు లెన్సు లైకా ఎమ్‌కి పట్టాలంటే సన్నటి అడాప్టర్ చాలు. రెండు పద్ధతులకీ లెన్సు నుంచి ఫిల్మ్ దాకా ఉన్న దూరంలో తేడా సరిగ్గా ఒక మిల్లీమీటరే: 28.8, 27.8. కీవ్ రకం జూపిటర్ మాత్రం మరచుట్టుకి పట్టదు, కొనేముందు ఏ రకమో చూసుకోవాలి.

జూపిటర్-12 వెనక గాజు ఉబ్బుగా బయటికి ఉంటుంది. బల్లమీద మామూలుగా పెడితే గీతలు పడతాయి, లోతైన మూత తప్పనిసరి. కొన్ని కెమెరాల్లో షట్టర్ ముందు ఉండే భాగాలకి ఆ గాజు తగులుతుంది. ఇది కొత్త గొడవేమీ కాదు. పడమటి జర్మనీలో 1950లో వచ్చిన కాంటాక్స్ టూ-ఏలో పాత బయోగాన్ పట్టక, జైస్ వాళ్ళే బయోగాన్ని మార్చి చెయ్యాల్సి వచ్చింది. ఎపర్చర్ తిప్పే వలయం లెన్సు ముందుభాగంలో లోపలికి ఉంటుంది, అలవాటు పడాలి. సోవియట్ లెన్సులు లైకా మీద సరిగ్గా ఫోకస్ కావన్న మాట నిజమేగానీ, అది ఎక్కువగా కనపడేది 50, 85 లాంటి పొడవు లెన్సుల్లో. 35లో ఆ తేడాని చాలావరకు డెప్త్ ఆఫ్ ఫీల్డ్ మింగేస్తుంది.

ఏ పాత లెన్సయినా టార్చి వెలుగులో చూడండి. సాలెగూడులాంటి తెల్లటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో ఉండేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి, బీరువాలో తోలు సంచీలో పెట్టి మర్చిపోవడం అంత చెడ్డపని ఇంకోటి లేదు.

వేగం కోసం డబ్బు పొయ్యకండి. 1930ల్లో ఎఫ్/2.8 గొప్ప. 1954లో ట్రై-ఎక్స్ 35 మి.మీ.లో వచ్చినప్పటి నుంచి, 400 వేగం ఉన్న ఫిల్ముతో అదే ఎఫ్/2.8 ట్యూబ్‌లైటు వెలిగే గదికి సరిపోతోంది. అద్దం కొట్టుకోని కెమెరాని సెకనులో 30వ వంతు దగ్గర చేత్తో పట్టుకోవడం కష్టం కాదు. ఎఫ్/2.8కీ ఎఫ్/1.4కీ తేడా రెండు స్టాపులు. ఆ రెండు స్టాపులకే ధర ఎన్నో రెట్లు అవుతుంది.

నా సలహా సూటిగా చెప్పాలంటే, రోజూ వాడే లెన్సు ఒక్కటే కొనగలిగితే కలర్-స్కోపార్ ఎఫ్/2.5. చిన్నది, గట్టిది, వెలుతురుకి ఎదురుగా పెట్టినా ఫొటో వెలవెలబోదు. బడ్జెట్ అంతకన్నా తక్కువైతే, మీ కెమెరాకి పడుతుందని తేల్చుకుని, జూపిటర్-12. రెంటికీ మధ్య కెనన్ ఎఫ్/2.8.

జూపిటర్‌ని నేను వాడతాను, ఇష్టంగానే వాడతాను. 1946 అక్టోబర్ తెల్లవారుజామున తట్టిన తలుపులకి ఆ గాజులో బాధ్యత లేదు. అయినా చవకగా దొరికింది అనుకున్న ప్రతిసారీ, ఆ మిగతా ధర ఎవరో ముందే చెల్లించారన్న సంగతి తెలిసి ఉండటం మంచిది. డ్రెస్డెన్‌లో లాగరిథమ్ పట్టికల ముందు కూర్చున్నవాళ్ళు, యేనాలో సామాన్లు సర్దుకోవడానికి కొన్ని గంటలే దొరికినవాళ్ళు, క్రాస్నొగోర్స్క్‌లో కొత్త గాజుకి పాత లెక్క తిరగరాసినవాళ్ళు. వీళ్ళలో బెర్టెలె లాంటి ఒకరిద్దరి పేర్లు తప్ప మనకి తెలిసినవి తక్కువ. లెన్సు ముందున్న వలయం మీద చెక్కి ఉండేది కర్మాగారం గుర్తూ, ఒక వరుస సంఖ్యా మాత్రమే.